వాల్వు సెట్టు, ఒక బకెట్ నీళ్లు

22 ఫిబ్రవరి 1997, శనివారం, సూర్యాపేట

మా అబ్బాయి మిర్యాలగూడ నుంచి పొద్దున వచ్చి సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు. మా దగ్గరే ఉండే కూతురు బుజ్జికి ఒక డబ్బా తెచ్చిచ్చాడు. ప్రాసెసర్ అంటారట. కాలితో నొక్కే మీటలు, చేత్తో తిప్పే గుండీలు, ఎర్రగా వెలిగే అంకెలు. గిటార్ వైరు ఒక వైపు పెడితే రెండో వైపు నుంచి శబ్దం మారి వస్తుంది. గుహలో వాయించినట్టు, నీళ్ల అడుగున వాయించినట్టు, గుడ్డ చింపినట్టు. ఉన్న శబ్దాన్ని మార్చడం ఎందుకని అడిగాను.

"అన్నంల కూర ఎందుకు కలుపుకుంటవ్ నాయినమ్మా?" అంది బుజ్జి.

జవాబు సరిగానే ఉంది. చెప్పిన తీరు సరిగా లేదు.

ఈస్టరు సాయంత్రం మిర్యాలగూడలో యువజన సభ. మా అబ్బాయి పనిచేసే రైస్‌మిల్లు ఆవరణలో. అందులో బుజ్జి గిటార్ వాయిస్తూ ముందు నిలబడి పాడాలట. ఇంతవరకు ఆ సభల్లో ఆడపిల్ల గిటార్ పట్టుకోలేదు. దాని చిన్న స్పీకరు పెట్టె ఆ మైదానానికి చాలదు. వాళ్ల తాత వాల్వు ఆంప్లిఫయర్ కావాలి.

ఆ సెట్టు మీద నవంబరు నుంచి దుప్పటి కప్పి ఉంది. ఆయనకు పక్షవాతం వచ్చిన నాటి నుంచి. కుడి చేయి, కుడి కాలు, మాట, మూడూ ఒకే పూట పోయాయి. విద్యుత్ శాఖలో ఓవర్సీరుగా చేసి రిటైరైన మనిషి. మూతబడిన టూరింగ్ టాకీసు నుంచి ఆ సెట్టు తెచ్చి, తన చేత్తో బాగుచేసి, ఈ చుట్టుపక్కల ఏ సభ జరిగినా తానే పెట్టేవారు. రాజారత్నంగారి సెట్టు అంటే పేరు. ఎవరినీ ముట్టనిచ్చేవారు కారు. హైస్కూల్లో ఇరవై ఎనిమిదేళ్లు సైన్సు చెప్పిన నన్ను కూడా.

బుజ్జికి షరతు పెట్టాను. సెట్టు తాతది. ఆయన ఎదుటే పెట్టి చూడు. ఆయనకు ఇష్టమైతే తీసుకెళ్లు. ఇష్టం లేదంటే మళ్లీ అడగవద్దు.

"తాత మాట్లాడడు గద."

"ముఖం చాలు. నాకు చదవడం వచ్చు" అన్నాను.

ఆయన తాగిన నీళ్లు ఆరు గ్లాసులు. డాక్టరు రాయమన్నాడు. తగ్గకూడదట.


23, ఆదివారం

చర్చి నుంచి వచ్చాక పెట్టింది. ఈస్టరుకు ముందు ఉపవాసాల శ్రమదినాల్లో ఇంట్లో ఈ గోల ఏమిటని అన్నాను. సాధన చేయకుండా ఈస్టరు నాడు ఎట్లా వాయిస్తానంది.

ఒక మాట ఒప్పుకోవాలి, పిల్ల పద్ధతిగానే చేసింది. ముందు బాక్సుల వైర్లు బిగించి, ఆ తర్వాతే కరెంటు వేసింది. బాక్సులు లేకుండా వాల్వు సెట్టు వేస్తే లోపలి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుందని ఆయన ఎప్పుడూ అనేవారు. చిన్నప్పుడు పక్కన కూర్చుని విన్నది కాబోలు. వాల్వులు ఎర్రబడేదాకా ఆగింది. తర్వాత ప్రాసెసర్ వైరును మైకు సాకెట్టులో పెట్టింది. ఇల్లంతా ఒక్క కేక.

అంట్లు తోముతున్న సైదమ్మ చేతిలో గిన్నెతో సహా లోపలికి వచ్చింది. "ఏందమ్మా గిది, పిల్లి మీద కాలేసిండ్రా?"

"మైకుది సన్న గొంతు నాయినమ్మా, ఈ డబ్బాది ఎక్కువ గొంతు. దాంట్ల పెట్టొద్దు. ఇగో, గ్రామ్ అని ఉంది సూడు, గ్రామఫోన్ పెట్టే జాగ, గిందుల పెట్టాలె" అని మార్చింది. డబ్బాలో వాల్వు ఆంప్లిఫయర్‌లాగా అనుకరించే గుణం ఒకటి ఉందట, దాన్ని ఆపేసింది. "అసలు వాల్వు ఉన్నంక నకిలీ వాల్వు ఎందుకు?"

కేక పోయింది. కాని కిందనుంచి గుయ్‌మని ఒక మోత. తీగ ముట్టుకోకపోయినా మోత. గుండీలు ఎంత తిప్పినా తగ్గలేదు.

ఆయన మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నారు. మోత మొదలు కాగానే కనుబొమలు దగ్గరికి వచ్చాయి. ఎడమ చేత్తో గ్లాసు అందుకున్నారు. దాహమనుకున్నాను. నోటి దాకా తేకుండా మంచం పక్కన నేల మీద ఒంపారు. నిండు గ్లాసు.

నేనే తుడిచాను. ఆయనకు ఇష్టం లేదు. ఇంత స్పష్టంగా ఏ మాటా చెప్పలేరు.

మోత పోతే తాతకు నచ్చుతుంది, కోదాడ నుంచి ఫకీరాను పిలుస్తానంటోంది బుజ్జి. ఒక్క అవకాశం ఇచ్చాను.

నీళ్లు ఐదు. ఒలికింది ఒకటి.


25, మంగళవారం

కరెంటు లేదు. నీళ్లు ఆరు. ఒలికింది లేదు.


27, గురువారం

కుళాయి రోజు విడిచి రోజు కూడా రావడం లేదు. ఫిబ్రవరిలోనే ఇట్లా ఉంటే మేలో ఏమిటో. వృథా ఖర్చులు ఆపేశాను. వాకిట్లో చల్లడం ఒక చెంబే. మల్లెపాదుకు బియ్యం కడిగిన నీళ్లు. ఆయన రోజూ సాయంత్రం పెరట్లో ఎర్తు గుంతలో పోసే బకెట్టు ఎట్లాగూ నవంబరులోనే ఆగింది. సెట్టు వాడినా వాడకపోయినా పోసేవారు, వానాకాలంలో తప్ప. డిసెంబరులో చక్రాల కుర్చీ తిరగడానికి వీలుగా పెరడంతా గచ్చు చేయించి, ఆ గుంత మీద శాబాదు బండ పరిపించాను. ఇప్పుడు పెరడు శుభ్రంగా ఉంది. ఆయన ఆ బండ వైపు కుర్చీ తిప్పమంటారు. ఎండ తగలకుండా నేను ఇటు తిప్పుతాను.

బుజ్జి గంటసేపు వాయించింది. నీళ్లు నాలుగు. ఒలికినవి రెండు.


2 మార్చి, ఆదివారం

ఫకీరా వచ్చాడు. కోదాడలో మైక్‌సెట్ల దుకాణం. ఒకప్పుడు ఆయన వెంట సభలకు తిరిగినవాడే. ఆయన కాళ్లకు దండం పెట్టి, "సారు సెట్టు మీద చెయ్యేసే రోజు వస్తదనుకోలేదండి టీచరమ్మగారూ" అన్నాడు.

మోత విన్నాడు. నవ్వాడు. ప్లగ్గు ఊడదీసి, మూడు వైర్లలో ఆకుపచ్చ వైరు పీకేసి, కొస మడిచి టేపు చుట్టాడు.

"ఇంతేనండి. ఎర్త్ ఉంటే గుయ్యిమంటది. మా లైన్లో పాత సెట్లకు అందరం ఇట్టానే పెడతామండి. పెళ్లిళ్లకైనా, మీటింగులకైనా."

మళ్లీ ప్లగ్గు పెట్టాడు. మోత లేదు. మనిషి గదిలోంచి లేచి వెళ్లినట్టు పోయింది.

బుజ్జి ఒక కీర్తన వాయించింది. మా అమ్మ దంపుడు రోకలి పట్టుకుని పాడిన కీర్తనే. వాల్వుల్లోంచి వస్తుంటే ఆ స్వరానికి ఒక బరువు, ఒక వేడి. ప్రాసెసర్ వేసిన ప్రతిధ్వని వెనక ఎవరో నెమ్మదిగా బదులు పాడుతున్నట్టుంది. నేను కుర్చీలో కూర్చున్నాను. నిలబడే విందామనుకున్నాను, ఎందుకు కూర్చున్నానో తెలియదు.

అప్పుడు ఆయన గ్లాసు ఒంపారు. అది చాలదన్నట్టు మంచం కింద ఉన్న చెంబు పట్టుకుని దాన్నీ నేల మీద పోశారు. పోస్తూ నా వంక చూశారు. ముఖం ఎర్రబడింది. నోటి నుంచి ఏదో శబ్దం. ప్లగ్గు తీసేదాకా ఆగలేదు.

ఫకీరా తల గీరుకున్నాడు. "సారుకు ఏదో పరేషాన్ ఉందండి."

"ఇష్టం లేదు. అంతే" అన్నాను.

వాడు వెళ్లాక బుజ్జి నా ఎదుట నిలబడింది.

"తాతకు ఇష్టం లేక కాదు. నీకు ఇష్టం లేదు. తాత మీద పెడుతున్నవ్."

"షరతు నువ్వు ఒప్పుకున్నావు."

"తాత వద్దంటే నా దిక్కు సూడాలె గద. నీ దిక్కు ఎందుకు సూస్తడు?"

గుడ్డ తెచ్చి నేల తుడిచాను. పెద్దలతో ఆ స్వరంలో మాట్లాడేవాళ్లకు జవాబివ్వను.


3, సోమవారం

బుజ్జి మాట్లాడటం లేదు. నీళ్లు ఆరు.


5, బుధవారం

చేయి పట్టు తప్పుతోందేమోనని గ్లాసు మాన్పించి, పిల్లలకు పాలు పట్టే ముక్కుగిన్నెలో ఇచ్చాను. బుజ్జి సెట్టు వేసిందో లేదో, ముక్కుగిన్నె బోర్లించారు. మూత కూడా తీసి బోర్లించారు. చేయి పట్టు తప్పిన మనిషి మూత తీయలేడు. అయినా రాస్తున్నాను: చేయి పట్టు తప్పుతోంది.

సైదమ్మ తుడుస్తూ, "పెద్దసారుకు సెట్టు మీద గంత కోపమైతే గ్లాసు ఇసిరికొట్టాలె గని, గింత బుద్ధిగ పోసుడేందమ్మా?" అంది. పని చూసుకోమన్నాను.


8, శనివారం

మధ్యాహ్నమంతా కరెంటు తీశారు. బుజ్జి ఆయన మంచం అంచున కూర్చుని వట్టి గిటార్ వాయించింది. ప్రాసెసర్ లేదు, సెట్టు లేదు. ఆయన కళ్లు మూసుకున్నారు. ఎడమ చేతి వేళ్లు మంచం పట్టె మీద తాళం వేస్తున్నాయి. ఒక్క తాళం తప్పలేదు. కరెంటు రాగానే బుజ్జి లేచి ప్లగ్గు పెట్టింది. ఇంకా తీగ ముట్టలేదు. ఇంకా ఏ శబ్దమూ లేదు. ఆయన అప్పటికే గ్లాసు అందుకున్నారు.

ఈవేళ మధ్యాహ్నం ఒంట్లో బాగుండి ఉంటుంది, తర్వాత నలత చేసి ఉంటుంది.


12, బుధవారం

తుడిచిన నేల మీద ఉత్త కాళ్లతో నిలబడి వాయిస్తుంటే చేతికి జిల్లుమందట. చీమ కుట్టినట్టు. నవ్వుతూ చెప్పింది. పది రోజుల తర్వాత నాతో చెప్పిన మొదటి మాట అది.

చెప్పులు వేసుకుని వాయించమన్నాను. రబ్బరు చెప్పులు.


13, గురువారం

నిన్న రాసింది మళ్లీ ఆలోచించాను. పాత సెట్లు కొంచెం జిల్లుమనడం మామూలే. చెప్పులు వేసుకుంటోంది.


20, గురువారం

మా అబ్బాయి ఉత్తరం. సభ కరపత్రంలో బుజ్జి పేరు అచ్చయిందట. "అమ్మా, నాన్న సెట్టు పంపకపోతే నీ ఇష్టం. కాని పిల్ల పాడుతుంది" అని రాశాడు. నీ ఇష్టమట. నా ఇష్టం ఎవరడిగారు? ఆయన ఇష్టం గురించి కదా మాట.

నీళ్లు నాలుగు. ఒలికినవి రెండు. డాక్టరు చూస్తే ఏమంటాడో. ఇందుకైనా ఆ సెట్టు ఇంట్లోంచి కదలాలి.


29, శనివారం

ఫకీరా వ్యాను తెచ్చాడు. బుజ్జి, ఫకీరా కలిసి సెట్టు, బాక్సులు ఎక్కించారు. నేను వంటింట్లో ఉన్నాను. వెళ్లొస్తానని బుజ్జి గుమ్మంలో నిలబడి అంది. పప్పు మాడుతోందని తిరిగి చూడలేదు. పప్పు అప్పటికి పొయ్యి మీద పెట్టలేదు.

నేను వద్దనలేదు. వద్దన్నది ఆయన. అది వినకుండా వెళ్లింది. రేపు వాయిస్తుంది, ఎల్లుండి వస్తుంది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఇట్లా ఉండాలనే కదా.


30, ఈస్టరు

(ఇది మిర్యాలగూడలో, మా అబ్బాయి ఇంట్లో, 31 పొద్దున రాస్తున్నాను. డైరీ తేలేదు. విడి కాగితం మీద రాసి తర్వాత అంటిస్తాను.)

చర్చి నుంచి వచ్చి, అన్నం పెట్టి, ఆయన్ను కుర్చీలో వెనక వరండాలోకి తెచ్చాను. సెట్టు ఇంట్లో లేదు. గిటార్ లేదు. ఏ చప్పుడూ లేదు. కాబట్టి మామూలు గ్లాసే ఇచ్చాను.

ఆయన గ్లాసు ఒళ్లో పెట్టుకుని, ఎడమ కాలితో నేలను తన్నుకుంటూ కుర్చీని తనంతట తాను నడిపారు. ఆపబోయి ఆగాను. గచ్చు దాటి శాబాదు బండ దగ్గరికి వెళ్లారు. వంగారు. పడతారేమోనని పరుగెత్తాను. పడలేదు. బండకూ గచ్చుకూ మధ్య ఉన్న సందులో గ్లాసెడు నీళ్లూ సన్నని ధారగా పోశారు. ఒక్క చుక్క పక్కకు పోలేదు. పోసి, తలెత్తి నా వంక చూశారు.

నేల నీళ్లు పీల్చిన చప్పుడు వినిపించింది.

సైదమ్మా నేనూ కలిసి బండ లేపాం. లోపల గుంత ఎండి బీటలు వారింది. ఉప్పు తెల్లగా పెళుసుగా, బొగ్గులు విడివిడిగా. ఇనప కడ్డీ చుట్టూ వేలు పట్టేంత ఖాళీ. ఎర్తు అనే మాటకు అర్థం లేని గుంత.

ఎనిమిదో తరగతి పాఠం ఇది. పాత పరికరాల్లో కరెంటు పైరేకు మీదికి కారుతుంది. ఎర్తు తడిగా ఉంటే నేలలోకి పోతుంది. ఎర్తు ఎండితే పూర్తిగా పోలేక మోతగా వస్తుంది. ఆ మోత వద్దని వైరే పీకేస్తే, పోయే దారి లేక రేకు మీదే ఉంటుంది. రేకు నుంచి వైరు, వైరు నుంచి ప్రాసెసర్, ప్రాసెసర్ నుంచి గిటార్ తీగ. తీగ నుంచి బుజ్జి చేయి. ఇంట్లో రబ్బరు చెప్పులు ఉన్నాయి కాబట్టి ఆ చేతి దగ్గరే ఆగింది. ఈ సాయంత్రం అది తీగ పట్టుకుని, పెదవులు మైకుకు ఆనించి పాడుతుంది. మైకు ఫకీరా సొంత సెట్టుది. కొత్త సెట్టు, దానికి ఎర్తు పీకి ఉండడు. రెంటికీ మధ్య బుజ్జి.

ఇన్ని వారాల గ్లాసులు. నీళ్లు నేలకు పొయ్యమని.

"సైదమ్మా, సారును చూసుకో. ఆ గుంతలో రెండు బకెట్లు పొయ్యి. ఆయన చూస్తుండగా పొయ్యి" అని చెప్పి, ఆయన పెట్టెలోంచి టెస్టరు తీసుకుని బయలుదేరాను. ఆయన నా కొంగు ఒక్కసారి పట్టుకుని వదిలేశారు.

టెలిఫోను బూత్ నుంచి మిల్లుకు చేశాను. ఆదివారం, ఎవరూ ఎత్తలేదు. బస్సు పెన్‌పహాడ్‌లో ఆగింది. డ్రైవరు టీ తాగుతున్నాడు.

"నాయనా, మిర్యాలగూడలో సభకు తొందరగా పోవాలి."

"పెద్దమ్మా, మీటింగేగా, దేవుడేడికి పోతడు?" అన్నాడు కండక్టరు.

నేను టెస్టరు చేతిలో పట్టుకుని అతని వంక చూశాను. ఏమనుకున్నాడో, దిగి డ్రైవరును పిలుచుకొచ్చాడు.

మిల్లు చేరేసరికి ఎండ వాలింది. వడ్లు ఎండబోసే సిమెంటు చప్టా నిండా జనం. వేదిక మీద ట్యూబులైట్లు వెలిగించారు. ముందు వరసల వాళ్లకు దుమ్ము లేవకుండా నీళ్లు చల్లారు. చప్టా తడిగా ఉంది, వేదిక మెట్లు తడిగా ఉన్నాయి. బుజ్జి చెప్పులు మెట్ల కింద ఉన్నాయి. దేవుని వేదిక అని విప్పి ఎక్కి ఉంటుంది. అది నేనే నేర్పాను.

గిటార్ మెడలో వేసుకుని మైకు సరిచూస్తోంది. ఎడమ చేయి తీగల మీద ఉంది. మెడ ముందుకు వంచింది.

"బుజ్జీ. మైకు ముట్టుకోకు."

క్లాసు గది చివరి బెంచీకి వినిపించే గొంతు. రిటైరై తొమ్మిదేళ్లయినా అది పోలేదు. ముందు వరసలు తిరిగి చూశాయి. బుజ్జి వెనక్కి జరిగింది. ముఖం తెల్లబడింది, తర్వాత ఎర్రబడింది.

"ఈడిదాంక వచ్చినవా నాయినమ్మా? గింతమంది ముంగట ఆపేదానికి?"

"అవును, ఆపడానికే. చేతులు తీగల మీద నుంచి తియ్యి. ఇంకేమీ ముట్టుకోకు. కదలకు."

చెప్పులతోనే వేదిక ఎక్కాను. టెస్టరు వాల్వు సెట్టు రేకు మీద పెట్టాను. ఎర్రగా వెలిగింది. ప్రాసెసర్ అంచు మీద పెట్టాను. వెలిగింది. బుజ్జి మెడలో ఉన్న గిటార్ తీగ మీద పెట్టాను. వెలిగింది. మైకు జాలీ మీద పెట్టాను. వెలగలేదు.

బుజ్జి టెస్టరునే చూస్తోంది. దాని పెదవులకూ మైకుకూ మధ్య ఉన్న జాగా ఎంతో నేను చూశాను, అదీ చూసింది. మెల్లగా గిటార్ పట్టీ తల మీదుగా తీసి కింద పెట్టింది.

"తాత..." అంది.

"తాత రోజూ చెప్తూనే ఉన్నారు."

ఫకీరా పరుగున వచ్చాడు. టెస్టరు తీసుకుని తానే మళ్లీ పెట్టి చూశాడు. "టీచరమ్మగారూ, అందరం ఇట్టానే..." అని మధ్యలో ఆపేశాడు. వెంటనే స్విచ్చి ఆపాడు. తర్వాత చెప్పాడు, మైకు సెట్టు మిల్లు ఆఫీసు లైను మీద ఉంది, ఆ లైనుకు ఎర్తు ఉంది. రెండు సెట్లూ పెడితే ఆ ఫ్యూజు ఆగదని, వాల్వు సెట్టును పందిరి ట్యూబులైట్ల లైనుకు తగిలించాడు. అది రెండు వైర్ల లైను. ఎర్తే లేదు.

"అయితే ఇక్కడ చేద్దాం. గడ్డపార తెప్పించు. ఒక ఇనప కడ్డీ."

పాస్టరుగారు వచ్చి మెల్లగా అన్నారు, "అమ్మగారూ, వేళయింది, ప్రార్థన మొదలుపెట్టాలి."

"పెట్టండి. కొంచెం పొడుగ్గా చేయండి."

చప్టా అంచున, వేదిక పక్కన తవ్వించాను. పాస్టరుగారు కళ్లు మూసుకుని లోకంలోని దేశాలన్నిటి కోసం ప్రార్థిస్తుంటే ఇద్దరు మిల్లు కూలీలు గడ్డపార వేస్తున్నారు. మోకాలు దాటింది. ఇంకా అన్నాను. నడుము దాకా వచ్చింది. సభ భోజనాల పొయ్యిల నుంచి బొగ్గులు, వంటవాళ్ల దగ్గర రాళ్లుప్పు. కడ్డీ దించి, బొగ్గు ఒక వరస, ఉప్పు ఒక వరస. ఫకీరా టేపు విప్పి ఆకుపచ్చ వైరును ప్లగ్గులో బిగించాడు, కడ్డీ దాకా మరో వైరు లాగి తన చేత్తోనే చుట్టాడు. తలెత్తలేదు.

బుజ్జి మళ్లీ వరసగా పెట్టింది. ముందు బాక్సులు. గిటార్ ప్రాసెసర్‌కు, ప్రాసెసర్ గ్రామ్ సాకెట్టుకు. గుండీలన్నీ సున్నా. తర్వాత కరెంటు. వాల్వులు ఎర్రబడ్డాయి. గుండీ పెంచింది. గుయ్‌మని మోత.

జనం గుసగుసలాడారు. ఫకీరా నా వంక చూశాడు.

"నీళ్లు" అన్నాను.

మొదటి బకెట్టు బుజ్జి పోసింది. మోత సన్నబడింది. రెండో బకెట్టు పోసింది. మోత ఎక్కడో దూరాన ఉన్న మిల్లు మోతలా అయి, ఆగింది. టెస్టరు రేకు మీద పెట్టాను, తీగ మీద పెట్టాను. వెలగలేదు. మళ్లీ పెట్టాను. వెలగలేదు. మైకు పట్టుకుని ఒక చేత్తో, తీగ పట్టుకుని ఒక చేత్తో, ముందు నేను నిలబడ్డాను. ఏమీ లేదు.

"ఇప్పుడు పాడు" అన్నాను.

"నువ్వు కూసో నాయినమ్మా. టెస్టరు నాకియ్యి."

మా అబ్బాయి పక్కన కూర్చున్నాను. బుజ్జి ఆ కీర్తనే పాడింది. పెదవులు మైకుకు ఆనిన ప్రతిసారీ నేను కుర్చీ పట్టుకున్నాను. పాట బాగుందని తర్వాత అందరూ అన్నారు. నాకు ఒక్క చరణమూ గుర్తు లేదు.


31, సోమవారం, సాయంత్రం, సూర్యాపేట

మధ్యాహ్నం బుజ్జీ నేనూ ఇల్లు చేరాం. సెట్టును ఫకీరా వ్యానులో దించి, ప్లగ్గులో మూడు వైర్లూ ఉన్నాయని నాకు విప్పి చూపించి వెళ్లాడు.

బుజ్జి తాత కాళ్ల దగ్గర కూర్చుని జరిగిందంతా చెప్పింది. గడ్డపార, ఉప్పు, పాస్టరుగారి పొడుగాటి ప్రార్థన. ఆయన నోరు ఒక పక్కకు సాగింది. నవంబరు తర్వాత ఆయన నవ్వడం ఇది మొదలు.

"తాతకు నా గిటార్ నచ్చుతదా నాయినమ్మా?"

"ఆయనకు మొదటి నుంచీ నచ్చింది."

"మరి నీకు?"

"శబ్దం కొంచెం ఎక్కువ" అన్నాను.

"తగ్గిస్త తియ్యి" అని వెళ్లి ప్లగ్గు పెట్టింది. వాల్వులు ఎర్రబడేదాకా ముగ్గురం ఎదురుచూశాం. నేను ఆయన చేతికి గ్లాసు ఇచ్చి, ఆ చేతినే చూస్తూ నిలబడ్డాను. ఆయన తాగారు. నిదానంగా, అడుగు దాకా. ఖాళీ గ్లాసు నాకు తిరిగిచ్చారు.

శాబాదు బండ తీసేయించాను. రేపు తాపీమేస్త్రీ వచ్చి గుంత చుట్టూ చిన్న గట్టు కడతాడు. కుర్చీ దాని దగ్గరిదాకా వెళ్తుంది, కొలిచి చూశాను.

నీళ్లు ఆరు గ్లాసులు. ఒలికింది లేదు. పెరట్లో ఒక బకెట్.